వెనక నిలబడి... బ్యాండునే నడిపించాడు!

మనిషి కన్నా ఎత్తైన వాయిద్యం. నాలుగే తీగలు. చప్పట్లన్నీ ముందు నిలబడి పాడేవాడికి, ట్రంపెట్ ఊదేవాడికి. వెనక డబుల్ బాస్ మీటేవాణ్ని పట్టించుకునేదెవరు? కానీ ఆ మీటు తడబడిందా... పదిహేనుమంది బ్యాండు మొత్తం అడుగు తప్పుతుంది. అరవై ఏళ్లకు పైగా మిల్ట్ హింటన్ చేసిన పని ఇదే.

1910లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, విక్స్‌బర్గ్‌లో పుట్టాడు. వాళ్ల అమ్మమ్మ బానిసగా పుట్టిన మనిషి. ఆ దక్షిణాదిలో నల్లవాళ్ల ప్రాణానికే భరోసా లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ముందు షికాగో వెళ్లి కుదురుకున్నాక, 1919 ప్రాంతంలో పిల్లాడూ వెళ్లాడు. మనలో ఎన్ని కుటుంబాలు ఇలా ఒకరి వెనక ఒకరుగా రాలేదు!

పదమూడో ఏట వయొలిన్ పట్టాడు. మూకీ సినిమా హాళ్లలో తెర ముందు కూర్చుని వాయించే ఉద్యోగాలు అప్పట్లో బోలెడు. 1927లో టాకీలు వచ్చాయి. ఇంకేముంది... ఆ కొలువులు ఊడిపోయాయి. హింటన్ ఏడుస్తూ కూర్చోలేదు. బాస్‌కి మారాడు.

1936లో క్యాబ్ కాలొవే బ్యాండులో చేరాడు. బిగ్ బ్యాండ్లకి అది స్వర్ణయుగం. 1939లో బాస్‌నే ముందు నిలిపి 'ప్లకిన్ ద బాస్' రికార్డు చేశారు. అదే ఏడాది డిజ్జీ గిలెస్పీ వచ్చాడు. హింటన్ కన్నా ఏడేళ్లు చిన్న. అయినా ఆటల మధ్య ఖాళీ దొరికితే చాలు, అంత పెద్ద బాస్‌నీ మోసుకుని కాటన్ క్లబ్ మేడ మీదికెక్కి ఆ కుర్రాడి దగ్గర కొత్త స్వరాలు నేర్చుకునేవాడు.

పేరున్న బ్యాండే. కానీ దక్షిణాదికి వెళితే హోటల్లో గది ఇవ్వరు. హింటన్ చేతిలో ఎప్పుడూ కెమెరా ఉండేది. అట్లాంటా రైల్వే స్టేషన్లో నల్లవాళ్లకి విడిగా పెట్టిన బోర్డు కింద తోటి కళాకారుల్ని నిలబెట్టి తీసిన ఫొటో చూస్తే మాకు నోట మాట రాలేదు. సూట్లు, టైలు, నెత్తిమీద ఆ బోర్డు!

భార్య మోనా గురించి చెప్పకపోతే అన్యాయం. బ్యాండుతోపాటే ఊళ్లు తిరిగేది. నల్లవాళ్ల ఇళ్లలో అడిగి బస చూసేది. డబ్బు లెక్కలన్నీ ఆమెవే. జీతం దుబారా చేయకుండా కూడబెట్టి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఇల్లు కొన్నారు.

1951కల్లా ఆ కొలువూ పోయింది. బిగ్ బ్యాండ్ల కాలమే అయిపోయింది. పని లేక తిరుగుతుంటే పాత పరిచయస్థుడు, హాస్యనటుడు జాకీ గ్లీసన్ వీధిలో కనబడి రికార్డింగ్‌కి రమ్మన్నాడని హింటనే చెప్పుకున్నాడు. అప్పటిదాకా న్యూయార్క్ స్టూడియోల్లో నల్లవాళ్లకి చోటు అరుదు. ఒకసారి లోపలికెళ్లాక హింటన్ వెనక్కి చూడలేదు. బిల్లీ హాలిడే, బింగ్ క్రాస్బీ, అరెతా ఫ్రాంక్లిన్... వెయ్యికి పైగా రికార్డింగులు. చెప్పిన టైముకి రావడం, ఏది ముందు పెడితే అది చదివి వాయించడం. ఇవే ఆయన సర్టిఫికెట్లు. తోటివాళ్లు ముద్దుగా 'జడ్జి' అని పిలిచేవారు.

2000 డిసెంబర్‌లో, 90వ ఏట హింటన్ కన్నుమూశాడు. తీసిన ఫొటోలు అరవై వేల దాకా ఉన్నాయి. 1958లో హార్లెమ్ వీధిలో జాజ్ హేమాహేమీలంతా ఒకే ఫొటోకి నిలబడిన రోజున మోనా చేతిలో చిన్న మూవీ కెమెరా ఉంది. 1994లో ఆ ఫొటో కథని డాక్యుమెంటరీగా తీసినవాళ్లకి ఆ రోజు కదలికలు దొరికింది ఆమె తీసిన రీళ్లలోనే.