తోడేలు మనవడికి పెరుగన్నం ఎలా అరుగుతుంది?

తిరుమంగళం నుంచి కొల్లం రోడ్డు పట్టుకుని వెళ్తే శ్రీవిల్లిపుత్తూరు దాటాక రాజపాళయం వస్తుంది. అక్కడి తెలుగు రాజుల ఇళ్లలో తరతరాలుగా పెరిగిన వేటకుక్కను చూశారా? పాలతెలుపు ఒళ్లు, గులాబీ ముక్కు, సన్నటి నడుము. 2005లో తపాలా బిళ్ల మీదికీ ఎక్కింది! దాని పూర్వీకులు తోడేళ్లే. మరి మాంసం తినే జాతికి పెరుగన్నం ఎలా అరుగుతోంది?

దాదాపు 15,000 ఏళ్ల కిందటికే కొన్ని తోడేళ్లు మనుషులకు దగ్గరయ్యాయి. బెదురు తక్కువున్నవి మనుషుల దగ్గరే నిలిచాయి. తర్వాత మనం పంటలు పండించాం. కుక్కలుగా మారిన ఆ తోడేళ్లకు దొరికింది గంజీ మెతుకులూ. మరి వాటిని అరిగించుకునే శక్తి ఎక్కడి నుంచి వచ్చింది?

ఒంటి కణాల్లో జన్యువులుంటాయి. అవి అమ్మానాన్నల నుంచి వచ్చిన వంట చీటీల్లాంటివి. పిండిపదార్థాన్ని అరిగించే రసానికి తోడేలు దగ్గర 2 చీటీలుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. చీటీలు పెరిగితే రసమూ ఎక్కువే ఊరుతుంది.

రాజపాళయం కుక్క తెలుపు రంగు మాత్రం మనుషుల ఎంపిక. తెల్లవాటినే జతకలుపుతూ వచ్చారు. అయితే రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ కావాలి. అవి లేకపోతే కూన చెవిటిదిగా పుట్టవచ్చు. అందుకే కూనను ఎంచుకునేటప్పుడు దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి.