కంప్యూటరు చదువుకూ ఓనమాలున్నాయి

హైదరాబాదు పాతబస్తీ: చార్మినారు చూడవచ్చే మన గ్రామస్థులలో చత్తాబజారు వరకు వెళ్లేవారు తక్కువ. పెళ్లి పత్రికల అచ్చుకు పేరుపడిన ఈ వీధి ఒకప్పుడు కాతిబులకు, అంటే ఉర్దూ చేతిరాత నిపుణులకు నెలవు. ఈ విద్యకు వచ్చిన కుర్రవాడి చేత మొదటిరోజే పత్రిక రాయించరు. కలం పాళీతో చుక్క పెట్టించి, ఆ చుక్కల కొలతతో ఒక్కొక్క అక్షరం దిద్దిస్తారు. అక్షరం కుదిరాక మాట, మాట కుదిరాక వాక్యం.

1994లో ఇన్‌పేజ్ అనే ఉర్దూ కంప్యూటరు ప్రోగ్రాం వచ్చాక ఈ వీధి పని మారిపోయింది. కీబోర్డు నేర్చిన కాతిబులు నిలదొక్కుకున్నారు. నేర్చుకునే వీలు లేనివారికి పని కరువైంది.

ఇదే ప్రశ్న నేడు మన పిల్లల ముందు ఉన్నది. ప్రభుత్వం కంప్యూటర్లు ఇవ్వలేదని అనలేము. కేంద్రం 1984-85లోనే ‘క్లాస్’ పథకం కింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 2004లో ఐ.సి.టి. పథకం వచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 5 వేల ఉన్నత పాఠశాలలలో ప్రైవేటు సంస్థల ద్వారా కంప్యూటర్లు, బోధకులను ఏర్పాటు చేశారు. ఐదేళ్ల ఒప్పందం 2013లో ముగిసింది. బోధకులు ఇళ్లకు వెళ్లారు. చాలాచోట్ల కంప్యూటర్లు మూలనపడ్డాయి. యంత్రం వచ్చినంత మాత్రాన విద్య రాదని దీనితో తేలిపోయింది.

మరి ఏ తరగతిలో ఏమి నేర్పాలి? 2020 జాతీయ విద్యా విధానం దారి చూపింది. ఒక పనిని వరుసక్రమంలో ఆలోచించడం చిన్న తరగతుల నుంచే అలవాటు చేయాలని, ప్రోగ్రాం రాయడం 6, 7, 8 తరగతులలో మొదలుపెట్టాలని అందులో ఉన్నది.

ఒకటి, రెండు తరగతులకు కంప్యూటరు అక్కరలేదు. టీ కాచే పనిని వరుస తప్పకుండా చెప్పగలిగితే చాలు. 3 నుంచి 5 వరకు మౌసు పట్టడం, బొమ్మ గీయడం, తన పేరు కొట్టడం. 6 నుంచి 8 వరకు తెలుగులో గాని ఉర్దూలో గాని ఉత్తరం టైపు చేయడం, ఇంటి ఖర్చులు పట్టికలో వేసి కూడడం, ‘స్క్రాచ్’ వంటి ఉచిత ప్రోగ్రాంతో చిన్న ఆట తయారుచేయడం. 9, 10 తరగతులలో సొంతంగా ప్రోగ్రాం రాయడం, దొరికిన సమాచారం నిజమో కాదో చూసుకోవడం, పాస్‌వర్డు, ఓ.టి.పి. ఎవరికీ చెప్పకపోవడం.

ఇవన్నీ వదిలి పదో తరగతిలో ఒక్కసారిగా నేర్పబోతే, ఓనమాలు రానివాడికి వ్యాకరణం చెప్పినట్లే అవుతుంది.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. కాలేజీల వరుస ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది విద్యార్థే. ఇంట్లో ఫోను ఉన్నది కదా అని ఊరుకుంటే లాభం లేదు. వీడియోలు చూడడం వేరు, పని చేయడం వేరు.

తల్లిదండ్రులు బడికి వెళ్లినపుడు కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని మాత్రమే అడిగి రాకూడదు. గది తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తున్నారు, నేర్పేవారెవరు, మా పిల్ల ఈ తరగతిలో ఏమి నేర్చుకోవాలి అని అడగాలి. ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన బడిలోనే కంప్యూటరు చదువు సాగుతున్నట్లు లెక్క.