పాఠము ఇంటికి వస్తే చాలునా?



2020 మార్చిలో కరోనా మూలంగా బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఇంటికే బడి వచ్చిందని మనమందరం సంతోషించాము. అయితే పాఠము ఇంటికి వచ్చినంత మాత్రాన పిల్లలకు చదువు వచ్చినట్లేనా?

అప్పట్లో మా పొరుగింట ఏడవ తరగతి చదివే అమ్మాయి ఉండేది. మొదట్లో నోటుపుస్తకం పట్టుకొని టీవీ ముందు బుద్ధిగా కూర్చునేది. దసరా వచ్చేసరికి పుస్తకం మూసి, తల్లితో పత్తి ఏరడానికి పోసాగింది. ఎందుకు మానేశావమ్మా అని మేమడిగితే, "సారు చెప్పుకుంట పోతున్నరు అయ్యగారూ. నాకు సమజైందో లేదో ఎవ్వరు అడుగుతలేరు" అన్నది.

ఆ పసిదాని మాటనే విద్యావేత్తలు మరో విధంగా చెప్పారు. దూరవిద్యను పరిశీలించిన మైకేల్ మూర్ అనే ఆచార్యుడు 1989లో మూడు సంబంధాలను వివరించారు. విద్యార్థికి పాఠముతో, ఉపాధ్యాయునితో, తోటి విద్యార్థులతో ఉండే సంబంధాలే అవి. 2000లో కెనడాకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు, కంప్యూటరు ద్వారా సాగే చదువులో లోతైన ఆలోచన, తోటివారి సహవాసము, ఉపాధ్యాయుని సన్నిధి కలిసి ఉండాలని చెప్పారు. టీవీ పాఠములో మొదటి సంబంధమే ఉన్నది. మిగిలిన రెండూ లేవు.

ఫోను ఉంటే అన్నీ ఉన్నట్లు కూడా కాదు. 2020 సెప్టెంబరులో జరిగిన అసర్ సర్వే ప్రకారం, బడిలో చేరిన గ్రామీణ పిల్లలలో సుమారు 62 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. కాని సర్వేకు ముందు వారంలో బడి నుండి ఏదైనా పాఠ్యసామగ్రి అందినది సుమారు మూడోవంతు మందికే.

ఉపాధ్యాయులను మాత్రం ఏమనగలము? తరగతిలోనైతే పిల్లవాని ముఖము చూసి అర్థం కాలేదని పసిగడతారు. ఫోను తెర మీద కనిపించేవి చాలాసార్లు పేర్లే. అడిగినదానికి బదులు రాకపోతే చెప్పేవారి ఉత్సాహమూ చల్లారిపోతుంది. కనుక పిల్లవాడు ఎంతసేపు చూశాడని లెక్క వేస్తే చాలదు. ఏమి అడిగాడు, ఏమి బదులు చెప్పాడు అన్నదే చూడాలి.

మా పొరుగింటి అమ్మాయి సంగతి చెప్పాలి. వాళ్ల బడి టీచరమ్మ ఒకరు సాయంత్రం పూట తండ్రి ఫోనుకు చేసి, పాఠములో ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆ పిల్ల మళ్లీ పుస్తకం తెరిచింది. బడి తెరిచాక అందరికంటే ముందు వెళ్లింది.

తల్లిదండ్రులారా, నేటికీ మన పిల్లలు ఫోనులో పాఠాలు వింటూనే ఉన్నారు. మనకు అక్షరము రాకపోయినా, "ఈ రోజు ఏం నేర్చుకున్నావో నాకు చెప్పు బిడ్డా" అని అడగవచ్చు. ఇరుగుపొరుగు పిల్లలను ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టవచ్చు. అర్థం కానిది ఉపాధ్యాయునికి తెలియజేయవచ్చు. అడిగేవారు ఉన్నారని తెలిస్తే పిల్లలు వింటారు.