అడవికి నిప్పు పెట్టేవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది

అడవికి నిప్పు శత్రువు అన్నది ఆధునిక అటవీశాఖలు నేర్చుకున్న తొలి పాఠం. ఆస్ట్రేలియా ఆదివాసులు మాత్రం వేల ఏళ్లుగా తమ అడవికి తామే నిప్పు పెడుతూ వచ్చారు. ఆ ఖండంలో మనుషులు అడుగుపెట్టి కనీసం 50 వేల ఏళ్లయింది. వాళ్ల చేతిలో నిప్పు ఒక పనిముట్టు. 1788లో బ్రిటిష్ వలస మొదలయ్యాక ఒక్కో ప్రాంతంలోనూ ఆ పనిముట్టును వాళ్ల దగ్గర నుంచి లాగేసుకున్నారు.

ఆదివాసుల బతుకుతీరు నుంచి నేటి నాగరికత ఏమైనా నేర్చుకోగలదా అన్న చర్చ వచ్చినప్పుడల్లా, మళ్లీ అడవిలోకి పోయి బతకడం సాధ్యమా అన్న చోటికి మాట మళ్లుతుంది. ఎనిమిది వందల కోట్ల జనం వేటాడి, దుంపలు తవ్వుకుని బతకలేరు. ఆ వాదన అక్కడితో సరి. నిప్పు సంగతి వేరు. ఇందులో ఎవరు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో, ఎక్కడ ఆగిపోయారో లెక్కలతో సహా చూడవచ్చు.

ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఆర్నెమ్ లాండ్ ఉంది. రాతి పీఠభూమి, లోతైన లోయలు, వాటి చుట్టూ గడ్డి నిండిన పలచని అడవులు. వానాకాలంలో అక్కడి గడ్డి మనిషిని మించి పెరుగుతుంది. ఏప్రిల్‌లో వచ్చే ఆఖరి గాలివానలు దాన్ని నేలకు పడగొడతాయి. పొరుగున కకాడు ప్రాంతంలో ఉండే బినింజ్ జనం ఏడాదిని ఆరు కాలాలుగా లెక్కిస్తారు. మే నుంచి జూన్ సగం దాకా ఉండే చల్లని కాలాన్ని యెగ్గె అంటారు. వూలీబట్ అనే యూకలిప్టస్ జాతి చెట్టు పూసిందంటే నిప్పు పెట్టే వేళ వచ్చినట్టే. కార్తెలను బట్టి దుక్కి, విత్తనం నిర్ణయించుకునే తెలుగు రైతుకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఆ రోజుల్లో గడ్డి పైన ఎండినా అడుగున ఇంకా పచ్చిగానే ఉంటుంది. రాత్రిళ్లు మంచు కురుస్తుంది. నిప్పు పెట్టేవాళ్లు నడుచుకుంటూ పోయి ఒకచోట ఎండుగడ్డిని అంటిస్తారు, కొంత నేల వదిలేస్తారు, మళ్లీ ఇంకోచోట అంటిస్తారు. మంట పొట్టిగా, నెమ్మదిగా పాకుతుంది. వాగు ఒడ్డున పచ్చిగడ్డి తగిలితేనో, నిరుడు కాలిన నేల అడ్డొస్తేనో ఆగిపోతుంది. లేదంటే రాత్రి మంచుకు ఆరిపోతుంది. చెట్ల కొమ్మలకు సెగ తగలదు. బల్లులూ చిన్న జంతువులూ పక్కనున్న కాలని గడ్డిలోకి తప్పుకుంటాయి. కొన్నాళ్లకు కాలిన చోట లేత గడ్డి మొలుస్తుంది, దాన్ని మేయడానికి కంగారూలు చేరతాయి, వేటకు దూరం పోనక్కర్లేదు. ఏటా ఇలా చేస్తూ పోతే కాలిన నేల, కాలని నేల పక్కపక్కనే ఉంటాయి. ఆగస్టు దాటాక వేడిగాలుల్లో ఏ పిడుగు వల్లనో మంట లేచినా, అది పరుగెత్తడానికి దారి దొరకదు.

20వ శతాబ్దంలో ఆ పీఠభూమి ఖాళీ అయింది. జనం మిషన్లకూ పట్టణాలకూ కూలి పనులకూ తరలిపోయారు. నిప్పు పెట్టే చేయి లేక గడ్డి పేరుకుపోయింది. పశ్చిమ ఆర్నెమ్ లాండ్‌లో 1995 నుంచి 2004 దాకా ఏటా సగటున 40 శాతం దాకా నేల కాలిపోయేది. అందులో ఎక్కువ భాగం ఎండాకాలం చివర లేచిన పెనుమంటల్లోనే. చిన్న సెగకు తట్టుకుని పెద్ద మంటకు చచ్చిపోయే కాలిట్రిస్ చెట్లు చాలాచోట్ల మోళ్లుగా మిగిలాయి. మనుషులు లేని అడవే స్వచ్ఛమైన అడవి అనుకునేవాళ్లు ఆ మోళ్లను ఒకసారి చూడాలి. అక్కడ అడవి చెడింది మనుషులు ఉన్నందుకు కాదు, లేకపోయినందుకు.

1990ల నుంచి కొందరు ఆదివాసీ పెద్దలు సొంత నేలకు తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. వారిలో పేరున్న చిత్రకారుడు బర్డయాల్ నజమెరెక్ ఒకరు. శాస్త్రజ్ఞులు వాళ్ల వెంట నడిచి నేర్చుకున్నారు. 2006లో 28 వేల చదరపు కిలోమీటర్ల మేర ఒక ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. అందులో పాతదీ కొత్తదీ రెండూ ఉన్నాయి. ఆదివాసీ రేంజర్లు కాలినడకన వెళ్లి నిప్పు పెడతారు, నడవలేని చోట హెలికాప్టర్ నుంచి పెడతారు, ఎక్కడ ఎంత కాలిందో ఉపగ్రహ చిత్రాల్లో చూసుకుంటారు. ఎప్పుడు, ఎక్కడ అన్న తీర్పు మాత్రం ఆ నేల తెలిసిన పెద్దలది. గడ్డి మంటల నుంచి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువులు వెలువడతాయి, రెండూ భూమిని వేడెక్కించేవే. మొదటి ఏడేళ్లలో అవి మునుపటి సగటుతో పోలిస్తే సుమారు 38 శాతం తగ్గాయి. సొంత ఊళ్లలోనే రేంజర్లకు ఉద్యోగాలు వచ్చాయి.

ఈ కథలో ఇబ్బంది పెట్టే భాగం ఒకటుంది. కార్యక్రమానికి డబ్బు వచ్చింది డార్విన్ నగరంలోని సహజవాయు కర్మాగారం నుంచి. తన పొగకు బదులుగా అది ఏటా సుమారు పది లక్షల డాలర్లు చెల్లించేలా ఒప్పందం కుదిరింది. ఆదివాసులకు ఆ డబ్బు న్యాయంగా దక్కవలసిందే. కానీ వాళ్లు అడవిలో తగ్గించిన వాయువును అడ్డుపెట్టుకుని మరొకచోట గ్యాస్ వెలికితీస్తూ పోతే, ఆధునిక నాగరికత తన తీరు మార్చుకున్నట్టు కాదు. మెలకువ నేర్చుకుంది, మితం నేర్చుకోలేదు.

2019–20 వేసవిలో ఆగ్నేయ ఆస్ట్రేలియాలో కార్చిచ్చులు 33 మంది ప్రాణాలు తీశాయి, 3,000కు పైగా ఇళ్లను కాల్చేశాయి. ఆ తర్వాత నియమించిన రాయల్ కమిషన్, ఆదివాసుల భూ నిర్వహణ జ్ఞానాన్ని ప్రభుత్వాలు శ్రద్ధగా వినాలని సిఫారసు చేసింది. ఉత్తరాది గడ్డినేలల్లో పనికొచ్చింది దక్షిణాది దట్టమైన యూకలిప్టస్ అడవుల్లో అలాగే పనికొస్తుందని చెప్పలేం. అక్కడ ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, వాతావరణమూ మారిపోయింది. అమెరికాది మరీ పాత తప్పు. కాలిఫోర్నియాలో యురోక్, కరుక్ తెగలు ఏటా అడవి అడుగును పలచగా కాల్చేవి. 1850 నాటి రాష్ట్ర చట్టం దాన్ని శిక్షించదగిన పని చేసింది. 1935 నుంచి 1978 దాకా అక్కడి కేంద్ర అటవీశాఖది ఒకటే ఆదేశం: ఏ మంటనైనా మరునాడు ఉదయం పది గంటలకల్లా ఆర్పేయాలి. దశాబ్దాల పాటు ఆకులూ కంపా పేరుకుపోయి, నేటి పెనుమంటలకు మేతగా మారాయి.

భారతదేశంలోనూ అడవులను నిప్పు నుంచి పూర్తిగా కాపాడాలన్న ప్రయత్నం 1860లలోనే మొదలైంది. కొన్ని దశాబ్దాలకు బెంగాల్, అస్సాం సాల వృక్షాల అడవుల్లో అధికారులకే ఒక సంగతి తెలిసివచ్చింది. నిప్పు ఆగిన చోట తీగలూ పొదలూ కమ్మేసి సాల మొక్కలు పైకి లేవడం లేదు. కొన్నిచోట్ల తామే మళ్లీ నిప్పు పెట్టించారు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసులు ఎండాకాలం మొదట్లో ఆకుల చెత్తను తేలిగ్గా కాల్చేవారు. దాన్ని తరగు బెంకి అంటారు. 1974లో అక్కడ అభయారణ్యం ఏర్పడ్డాక అది నిషిద్ధమైంది. తర్వాత లాంటానా పొదలు అడవిని ఆక్రమించాయి, ఉసిరి చెట్లకు బదనిక పట్టింది. కారణం నిప్పు ఆగిపోవడమేనని సోలిగలు చెబుతూ వచ్చారు. వాళ్ల మాటలో నిజముందని పరిశోధకులు గుర్తించారు. అయితే లాంటానా అంత ఎత్తున పెరిగాక పాత పద్ధతిలో నిప్పు పెడితే మంట కొమ్మల దాకా పోతుంది. ముందు ఆ పొదలను కొట్టి తీయాలి. దశాబ్దాలు ఆపిన పనిని ఒక్క ఏడాదిలో తిరిగి మొదలుపెట్టడం కుదరదు.

ఆదివాసులు పెట్టే ప్రతి నిప్పూ మంచిదేనా అంటే, కాదు. తెలుగు నేల మీద మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. పూలు కనిపించాలని చెట్టు కింది ఎండుటాకులను కాలుస్తారు. తునికాకు చిగుళ్ల కోసమూ పొదలకు నిప్పు పెడతారు. సరిగ్గా అప్పుడే అడవి బాగా ఎండి ఉంటుంది, మంట చేయి దాటిపోతుంది. కొండకు పదిహేనేళ్ల విశ్రాంతి దొరికినంత కాలం, అడవిని కొట్టి కాల్చి చేసే పోడు నిలకడైన సేద్యమే. ఆ విశ్రాంతి మూడు నాలుగేళ్లకు కుదించుకుపోయిన చోట మట్టి కొట్టుకుపోయింది. నిప్పు ఒక్కటే కాదు, న్యూజిలాండ్‌కు మావోరీలు చేరిన ఒకటి రెండు శతాబ్దాల్లోనే మోవా అనే పెద్ద పక్షులు అంతరించాయి. వనరులను కొంతకాలం ముట్టకుండా వదిలే రాహుయి అనే కట్టుబాటూ ఆ సమాజానిదే. నిలకడ ఎవరి రక్తంలోనూ పుట్టుకతో ఉండదు. ఒకే నేల మీద తరతరాలుగా ఉంటూ, తప్పుల ఫలితం తామే అనుభవిస్తూ నేర్చుకున్న విద్య అది. నేలతో బంధం తెగితే విద్యా పోతుంది.

అందుకే ఈ జ్ఞానాన్ని పుస్తకంలోకి ఎక్కించుకుని మనుషులను పక్కన పెట్టడం కుదరదు. తూర్పు కనుమల్లో మనుషులను పక్కన పెట్టే ప్రయత్నమే జరిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు బిగిశాయి. 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటు వెనుక ఆ బాధ ఉంది. నల్లమలలో నేటికీ వేసవి ముందు అటవీశాఖ ఫైర్ లైన్లు తీయిస్తుంది, చెంచులను ఫైర్ వాచర్లుగా కూలికి పెట్టుకుంటుంది. మంట ఆర్పడానికి వాళ్ల కాళ్లూ కళ్లూ కావాలి. ఏ వాలు మీద, ఏ నెలలో, ఎంత కాల్చవచ్చన్న నిర్ణయం మాత్రం వాళ్లది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభలకు ఇచ్చింది. కానీ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని అంతకు ముందున్న అటవీ చట్టాలు నేరంగా చూస్తాయి. 2011లో సోలిగలకు సామూహిక హక్కులు దక్కినా తరగు బెంకి తిరిగి రాలేదు. కొన్ని ఎకరాల్లో, పెద్దలు చెప్పిన వేళకు, అధికారుల కళ్లెదుట నిప్పు పెట్టించి, కొన్నేళ్ల పాటు ఫలితం కొలిచి చూడడానికి పెద్ద ఖర్చేమీ కాదు. గ్రామసభకు ఇచ్చిన నిర్వహణ హక్కులో నిప్పు కూడా ఉన్నదని ముందు ఒప్పుకోవాలి.