ఒకే పేజీలో రెండు ప్రకటనలు

తెనాలి జంక్షన్‌కి నాలుగు వైపుల నుంచీ పట్టాలొస్తాయి. బెజవాడ వైపు నుంచి ఒకటి, బాపట్ల మీదుగా చెన్నై లైను ఒకటి, గుంటూరు నుంచి ఒకటి, రేపల్లె నుంచి ఒకటి. రేపల్లె లైను 1916 నాటిది. దానికి ఆ చివర ఇంకో ఊరు లేదు. కాబట్టి రేపల్లెలో ఇల్లు వదిలి రైలెక్కిన మనిషి ఎవరైనా ముందు తెనాలి దారినే రావాలి. అక్కడ ప్లాట్‌ఫాం మారాడంటే, తెల్లారేసరికి మద్రాసులోనూ ఉండొచ్చు, సికింద్రాబాద్‌లోనూ ఉండొచ్చు.

ఇలాంటి స్టేషన్ల గోడల మీద తరచూ కనిపించే కాగితం ఒకటుంది. పైన లావు అక్షరాల్లో ‘కనబడుటలేదు’. కింద ఏ పెళ్లి ఫొటోలోంచో కత్తిరించిన ముఖం, పక్కన నిలబడ్డవాళ్ల భుజం సగం కనబడుతూ. చామనఛాయ, అయిదడుగుల నాలుగంగుళాలు, గళ్ల లుంగీ, కుడిచేతి మీద పచ్చబొట్టు. అదే ప్రకటన జిల్లా పేపర్లో వేయిస్తే, దానికి జానెడు దూరంలో ఇంకో ముక్క ఉంటుంది: పట్టాల పక్కనో, కాలవలోనో ‘గుర్తుతెలియని వ్యక్తి మృతి’. మొదటిది వేయించినవాళ్లు రెండోది చదవడానికి ధైర్యం చాలక పేజీ తిప్పేస్తారు. రెండోది రాయించినవాళ్లకు మొదటిది చూసే తీరిక ఉండదు.

తప్పిపోయినవాళ్ల గురించి జనంలో తిరిగే అపోహల్లో చాలా భాగం ఈ రెండు ముక్కల మధ్య ఖాళీలో పుట్టినవే.

“ఇరవై నాలుగ్గంటలు ఆగాలట”

ఇంట్లోవాళ్లు స్టేషన్‌కి బయల్దేరకముందే బంధువుల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఒక్కోసారి స్టేషన్లోనే వినబడుతుంది: రేపటిదాకా చూసి రండి, వచ్చేస్తాడులే. అలా ఆగమని ఏ చట్టంలోనూ లేదు. తెలుగు రాష్ట్రాల్లో పెద్దవాళ్లు కనబడకపోయినా ‘మ్యాన్ మిస్సింగ్’, ‘వుమన్ మిస్సింగ్’ అని ఎఫ్‌ఐఆర్ కట్టడం మామూలే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే ఆలోచించే పని కూడా లేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే కిడ్నాపో, అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే ఎఫ్‌ఐఆర్ కట్టాలి. నాలుగు నెలల్లో ఆచూకీ తెలియకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి.

దీనికి తోబుట్టువులాంటి మాట ఇంకొకటి: “ఇది మా పరిధి కాదు.” రేపల్లె, తెనాలి సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. రైలూ ప్లాట్‌ఫామూ రైల్వే పోలీసులవి. అంటే రేపల్లెలో చెప్పులు తొడుక్కుని బయల్దేరిన మనిషి తెనాలిలో టీ తాగేసరికే రెండు జిల్లాలు, మూడు పరిధులు దాటేశాడు. వెతికేవాళ్లు ఆ గీతలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా, సమాచారం ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దాన్నే. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఒక్కరోజుకు ఇంత పట్టింపు ఎందుకంటే, దుకాణాల ముందు, సందు మలుపుల్లో ఉండే సీసీ కెమెరాలు దేన్నీ కలకాలం దాచవు. చాలాచోట్ల రెండు మూడు వారాలకో నెలకో పాత రికార్డింగ్ చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. చుట్టాలిళ్లన్నీ వెతికి, గుళ్లన్నీ తిరిగి, పరువు పోతుందేమోనని తటపటాయించి నెల తర్వాత స్టేషన్ మెట్లెక్కితే, మనిషి ఏ బస్సు ఎక్కాడో చూసిన ఒకే ఒక్క సాక్షి అప్పటికే మర్చిపోయి ఉంటుంది.

తమలపాకు మీద కాటుక రాసి అంజనం వేయించడానికి ఆ రోజుల్లోనే పరుగులు పెడతారు. “తూర్పు దిక్కున, నీళ్ల పక్కన ఉన్నాడు” అని అంజనం వేసేవాళ్లు చెబుతారు. కృష్ణా డెల్టాలో నీళ్ల పక్కన కానిదేది?

“ఏడేళ్లయితే పోయినట్టే”

అన్నింటిలోకీ బలమైన అపోహ ఇదే. కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీసేదీ ఇదే. పాతకాలంలో ఈ లెక్క పన్నెండేళ్లుండేది. జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్లు చూసి, దర్భలతో, మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసి కర్మకాండ జరిపించేవారు. చట్టం దాన్ని ఏడుకు కుదించింది. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 108వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 111వది. ఆ మనిషి గురించి మామూలుగా తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ తెలియకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అన్నవాళ్ల మీద పడుతుంది. అందులో ఉన్నది అంతే. ఏడేళ్లు నిండిన మర్నాడు మరణ ధ్రువపత్రం దానంతటదే ఇంటికి రాదు. ఆ ప్రశ్న కోర్టు ముందుకో, అధికారమున్న చోటికో వెళ్లినప్పుడే ఈ ఊహ పనిచేస్తుంది.

ఇంకో చిక్కుంది. చనిపోయాడని ఊహిస్తారే గానీ ఎప్పుడు చనిపోయాడో ఊహించరు. 2004లో ఎల్‌ఐసీ వర్సెస్ అనురాధ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. భర్త కనబడకుండా పోయాడు, ప్రీమియం కట్టడం ఆగిపోయింది, ఏడేళ్లు దాటాక పాలసీ డబ్బు అడిగారు. మాయమైన రోజే మరణించిన రోజు అనుకోవడానికి వీల్లేదని కోర్టు అంది. అప్పటికే పాలసీ మురిగిపోయింది. మనిషి ఆచూకీ లేని ఇంట్లో సంపాదన ఆగిపోయినప్పుడు మొదట ఆపేసే ఖర్చు బీమా ప్రీమియమే, అది సహజం. చట్టం దృష్టిలో చేయకూడని పనీ అదే. ఏ కౌంటర్‌లోనూ ఈ ముక్క ముందుగా చెప్పేవాళ్లు తగలరు.

పెళ్లి విషయంలో ఏడేళ్ల లెక్క మళ్లీ వేరు. హిందూ వివాహ చట్టంలో ఏడేళ్లు కబురు లేకపోతే అది విడాకులు కోరడానికి కారణమవుతుంది, అడిగి తెచ్చుకోవాలి. ముస్లిం మహిళలకు 1939 చట్టం ప్రకారం నాలుగేళ్లే. కేంద్ర ప్రభుత్వోద్యోగి కనబడకుండా పోతే కుటుంబ పింఛను కోసం ఏడేళ్లు కూర్చోనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదైన ఆరు నెలల తర్వాత, పూచీకత్తు రాసిచ్చి అడగొచ్చు. స్టేషన్లో మొదటి రోజు తీసుకున్న ఆ ఎఫ్‌ఐఆర్ నకలు ఎంత విలువైనదో అప్పుడు తెలుస్తుంది.

ఏడేళ్ల లోపు మరణాన్ని ఎవరూ ఒప్పుకోరన్నదీ నిజం కాదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో సిబ్బంది. రెండు నెలలు తిరక్కుండానే, ఆ సెప్టెంబరులో, అందరూ మరణించినట్టే భావిస్తున్నామని వాయుసేన కుటుంబాలకు తెలిపింది. కాగితం మీద కథ అక్కడితో ముగిసింది. ఇళ్లలో ముగియలేదు. మా వాడి ఫోన్ మోగుతోంది, చూడండని ఆ రోజుల్లో కొందరు అన్నారు. 2014లో మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైనప్పుడు చైనాలోనూ ఇదే మాట. ఫోన్ నీటి అడుగునో, ముక్కలయ్యో ఉన్నా, అవతల నెట్‌వర్క్ ఆ నంబరు కోసం వెతుకుతున్నంతసేపూ చేసినవాళ్ల చెవిలో రింగు వినబడవచ్చు. ఆ మోత ఎక్స్ఛేంజి వినిపించేది, జేబులో ఫోన్‌ది కాదు. చివరికి 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున, నీటిలో తనంత తాను తిరిగే యంత్రం తీసిన చిత్రాల్లో ఆ విమాన శకలాలు కనిపించాయి. ఏడున్నరేళ్లు పట్టింది.

శవం దొరకని ఈ బాధ బాపట్ల, రేపల్లె తీరానికి కొత్తగా చెప్పాల్సింది కాదు. 1977 నవంబరు 19న తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. తుపాను కంటికి కుడివైపు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. ఆ కుడివైపున ఉన్నవి రేపల్లె తీరం, దాని అవతల దివిసీమ. అయిదారు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెనలో అధికారిక లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. శవాలను పేర్లడిగి సాగనంపే వ్యవధి లేదు, కుప్పలుగా తగలబెట్టారు, పూడ్చారు. మావాళ్లు ఎక్కడో ఒడ్డుకు కొట్టుకుపోయి బతికే ఉంటారన్న ఆశ ఏళ్లపాటు నిలబడటానికి మూఢనమ్మకం అక్కర్లేదు. చూసిన శవం లేకపోవడం చాలు. విపత్తుల్లో ఇప్పుడు పద్ధతి కొంత మారింది. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో గల్లంతైనవాళ్లకు ఏడేళ్ల నియమంతో పని లేకుండా, విచారణ జరిపి, అభ్యంతరాలకు గడువిచ్చి మరణ ధ్రువపత్రాలు ఇచ్చారు.

“ముప్పై వేల మంది మాయం”

2023 జూలైలో ఈ అంకె ఆంధ్రప్రదేశ్ రాజకీయాలను ఊపేసింది. 2019 నుంచి 2021 దాకా రాష్ట్రంలో 30 వేల మంది మహిళలు, బాలికలు కనబడకుండా పోయారని ఫిర్యాదులున్నట్టు కేంద్రం పార్లమెంటుకిచ్చిన లెక్క. దేశం మొత్తం మీద అది 13.13 లక్షలు. అంకె అబద్ధం కాదు, చదివిన తీరే తప్పు. అవి ఆ మూడేళ్లలో నమోదైన ఫిర్యాదులు. నేటికీ జాడలేనివాళ్ల జాబితా కాదు. 2022లో దేశంలో 83,350 మంది పిల్లలు తప్పిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. అదే నివేదికలో, ఆ ఏడాది ఆచూకీ తెలిసిన పిల్లలు 80,561 మంది అనీ ఉంది, అంతకుముందు ఏళ్లవాళ్లతో కలిపి. తప్పిపోయినవాళ్లలో ఆడపిల్లలు 62,946. ఉలిక్కిపడాల్సింది ఈ అంకెకు.

మేజరైన మనిషి దొరికి, ఇంటికి రానంటే పోలీసులు ఈడ్చుకొచ్చి అప్పజెప్పలేరు. వాంగ్మూలం తీసుకుని కేసు మూసేస్తారు. ఇంట్లోవాళ్లకు అది దొరకనట్టే. లెక్కలో మాత్రం దొరికినట్టే.

“కొత్తమొహం కనబడితే పట్టుకోండి”

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్ సందేశాలు తెలుగునాట ఊరూరా తిరిగాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపారు. అలాంటి గుంపుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు ఎవరు? బిచ్చగాళ్లు, భాష రానివాళ్లు, మతి స్థిమితం లేక తిరిగేవాళ్లు. అంటే, ఎక్కడో ఏ గోడ మీదో ‘కనబడుటలేదు’ కాగితం మీద ఫొటో ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లే.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో నూరో సెక్షన్ ఉంది. మానసిక అనారోగ్యంతో దిక్కులేకుండా తిరుగుతున్న మనిషి కనిపిస్తే, ఆ స్టేషన్లోనే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే. మిస్సింగ్ కేసు వెతికేవాళ్ల ఊళ్లోనే కాదు, దొరికిన ఊళ్లోనూ కట్టాలన్నమాట. ఈ సెక్షన్‌ని జనమే కాదు, చాలామంది చదువుకున్నవాళ్లూ వినలేదు. ఇలా రోడ్ల మీద తిరిగేవాళ్లకు వైద్యం చేయించి ఇళ్లకు చేర్చే పనికే ముంబయి మానసిక వైద్యుడు డాక్టర్ భరత్ వాట్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన శ్రద్ధా సంస్థ వేలమందిని వాళ్ల వాళ్ల ఊళ్లకు చేర్చింది. మందులు పడ్డాక చాలామంది చేసే మొదటి పని తమ ఊరి పేరు చెప్పడం.

పేరు చెప్పలేనివాళ్ల సంగతి? 2015 జూలై 14న ఉత్తరప్రదేశ్‌లోని హండియాలో ఆటిజం ఉన్న ఒక కుర్రవాడు తప్పిపోయాడు. తొమ్మిదో రోజున, అదే జూలై 23న, అస్సాంలోని గోల్‌పారా పోలీసులకు కనిపించాడు. వాళ్లు పిల్లల సంరక్షణ కేంద్రంలో చేర్చారు. ఒక రాష్ట్రం పుస్తకంలో తప్పిపోయాడు, ఇంకో రాష్ట్రం పుస్తకంలో దొరికాడు. రెండు పుస్తకాలూ కలవడానికి అయిదేళ్లు పట్టింది. 2020లో ఆ పని చేసింది తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’, ముఖాలు పోల్చి చూసే సాఫ్ట్‌వేర్. ఆ అయిదేళ్లూ పిల్లవాడు క్షేమంగానే ఉన్నాడు, అన్నం తిన్నాడు, పొడుగయ్యాడు. అమ్మానాన్నలకే తెలియదు.

పోయినవాళ్ల విషయంలో ఈ కలయిక ఇంకా కష్టం. గుర్తుతెలియని శవాన్ని సాధారణంగా మూడు రోజులు మార్చురీలో ఉంచి తర్వాత పూడ్చేస్తారు. మిగిలేది ఓ ఫొటో, బట్టల వివరం, పచ్చబొట్టు వివరం. డీఎన్‌ఏ పోల్చే శాస్త్రం మన దగ్గర లేక కాదు, హైదరాబాద్‌లోనే డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. తప్పిపోయినవాళ్ల బంధువుల నమూనాలనూ, గుర్తుతెలియని శవాల నమూనాలనూ ఒకచోట పెట్టి సరిపోల్చే జాతీయ బ్యాంకు కోసం 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. గోప్యత మీద అభ్యంతరాలు వచ్చాయి. 2023 జూలైలో బిల్లు వెనక్కి తీసుకున్నారు.

అందుకే పని మళ్లీ కాగితం మీదికే వస్తుంది. ముఖం ఎదురుగా కనబడే ఫొటో, విరిగిన పన్ను, కాలి మీద కుట్లు, పచ్చబొట్టులో ఉన్న పేరు, మాట్లాడే యాస. వెలిసిపోయిన పోస్టరు తీసేసి కొత్తది అచ్చు వేయించేటప్పుడు కొందరు వయసు దగ్గర అంకె మారుస్తారు. 34 ఉన్నచోట 35, ఆ పైన 36. ఫొటో మాత్రం అదే పెళ్లిలోది, పక్కవాళ్ల భుజం సగం కనబడుతూ.