గాలెక్కి వచ్చే నీళ్లు

ఇలా వచ్చి కూర్చో తల్లీ. మీ నాన్న కొత్తిల్లు కడుతున్నాడుగా, దాని గాలి సంగతి చెబుతాను. వాడికీ వినబడేటట్టే చెబుతాలే.

మన అండమాన్‌లో వెనకటి ఇళ్లు చాలావరకు చెక్క గోడలు, రేకుల కప్పు. పలకల సందుల్లోంచి గాలి వచ్చేది, పోయేది. లోపలా బయటా ఒకే వేడి, ఒకే తేమ ఉన్నప్పుడు గాలి ఆడితే చెమట ఆరుతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. సందులు అప్పుడు మేలే చేశాయి.

ఇప్పుడు ఏసీలు వచ్చాయి, లెక్క తిరగబడింది. చలిదేశాల వాళ్లు లోపలి వేడి పోకుండా సందులు మూస్తారు. మనం బయటి నీళ్లు రాకుండా మూయాలి.

"గాలిలో నీళ్లేంటి తాతా?" అంటావా? బయట 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ అనుకో. శ్రీ విజయపురంలో (మా నోటికింకా పోర్ట్ బ్లెయిరే!) ఇదేం వింత కాదు. అప్పుడు ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 55 శాతం తేమ ఉంటే ఆవిరి 12 గ్రాములే. పన్నెండడుగులకు పదడుగుల గది, ఎత్తు పదడుగులు అంటే 34 ఘనమీటర్లు. సందుల వల్ల గంటకోసారి గాలంతా మారిపోతే గంటకు 400 గ్రాముల నీళ్లు దూరినట్టే. ఎనిమిది గంటలు నిద్రపోయేసరికి మూడు లీటర్ల పైమాట! వాటిని ఏసీయే పిండి బయట పోయాలి. ఆ గాలిని ఆరు డిగ్రీలు చల్లబరచడానికి పట్టే శ్రమకు ఇది నాలుగింతలు. మన దీవుల్లో కరెంటు ఎక్కువగా ఓడల మీద వచ్చే డీజిల్‌తో పుడుతుందని కూడా గుర్తుంచుకో.

పైగా ఆ బయటి గాలి 26 డిగ్రీలకు చల్లారితే చాలు, నీటిబొట్లు కడుతుంది. ఏసీకి చల్లబడ్డ గోడో, ఫాల్స్ సీలింగ్ బోర్డో తగిలిన చోట చెమ్మ, దాని వెనకే బూజు. పైకప్పు కారుతోందనుకుని డబ్బు పోసి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు పాపం.

మరి సందు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? స్వీడన్‌లో 1970లలో కిటికీకి ఫ్యాన్ బిగించి, గాలి లాగి కొలవడం మొదలెట్టారు. తర్వాత ఆ ఫ్యాన్ తలుపు దగ్గరకు చేరి బ్లోయర్ డోర్ అయింది. 50 పాస్కళ్ల తేడా, అంటే అయిదు మిల్లీమీటర్ల నీళ్లు మోపే ఒత్తిడి పెట్టి చూస్తారు. జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ పద్ధతిలో ఆ ఒత్తిడి దగ్గర గంటకు 0.6 వంతుకు మించి గాలి మారకూడదు.

మనకు బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్, అగరబత్తి చాలు. కిటికీలు, గది తలుపు మూసి, బాత్‌రూమ్ తలుపు తెరిచి ఫ్యాన్ వెయ్యి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మాత్రం ఆపెయ్యాలి. సీలింగ్ ఫ్యాన్, ఏసీ కూడా కట్టెయ్యి. అగరబత్తిని ఫ్రేముల అంచుల వెంట మెల్లగా తిప్పు. పొగ నిటారుగా లేస్తే సరే. లోపలికి చెదిరితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టు.

పెద్ద దొంగ తలుపు కిందే ఉంటాడు. మూడడుగుల తలుపు కింద సెంటీమీటరు సందంటే గోడకు నా అరచేయంత కన్నం పెట్టినట్టే. దానికి బ్రష్ పట్టీ బిగించాలి. ఏసీ రాగి గొట్టాల కన్నం వాన నీళ్లు లోపలికి రాకుండా బయటికి వాలుగా ఉండాలి, చుట్టూ పుట్టీ పెట్టాలి. స్విచ్‌బోర్డులోకి వచ్చే పైపుల మూతులనూ వైర్లు లాగాక మూయాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య సన్నని సందుకు సిలికాన్ చాలు. వెడల్పయితే ముందు ఫోమ్ తాడు దూర్చి, పైన సిలికాన్ పెట్టాలి. గోడ తడిగా ఉంటే అది పట్టదు, వాన తెరిపి చూసుకోవాలి. పక్కకు జరిపే కిటికీల కన్నా రబ్బరు పట్టీ ఉన్న రెక్కల కిటికీలు బాగా బిగుస్తాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగినప్పుడు దానంతటదే మూసుకునే రెక్కలు పెట్టించండి.

ఇల్లంతా బిగించమనడం లేదు. వంటిల్లు, వసారా గాలాడాల్సిందే. పడకగదిలోనూ మనం వదిలిన ఊపిరి పేరుకుంటుంది కాబట్టి ఏసీ ఆపాక కిటికీ తీయాలి. గాలి మనం తీసినప్పుడు రావాలి, దానంతటది కాదు.

సీలింగ్ మేస్త్రి రేపొస్తానన్నాడట. బోర్డు ఎక్కితే పైసందులు మళ్లీ కనబడవు. పోయి మీ నాన్నను లేపు, అగరబత్తి కట్ట నేను ఇస్తాను.