‘అక్షరం’ అంటే ఎంత? – సాఫ్ట్‌వేర్ బృందంలో పరిభాష

సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో కొన్ని దోషాలకు మూలం ప్రోగ్రాములో కాక సంభాషణలో ఉంటుంది. విశాఖపట్నం రుషికొండలోని ఒక బృందం తెలుగు అధ్యాపకుని వ్యక్తిగత వెబ్‌సైటును నిర్మిస్తున్నదనుకుందాం. సందర్శకుల పేరుకు 10 అక్షరాల గడి చాలునని అధ్యాపకుడు చెబుతారు. ఆయన లెక్కలో ‘వేంకటేశ్వరరావు’ 7 అక్షరాలే. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు, పొల్లుకు, సున్నకు విడివిడి సంకేతాలున్నందున ప్రోగ్రామరు లెక్కలో అవి 14. పదో సంకేతం వద్ద గడి ముగిస్తే ‘వేంకటేశ్వర’ మిగిలి, ‘రావు’ లోపిస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే. ‘అక్షరం’ అన్న మాటకే రెండర్థాలు.

ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వివరించిన సూత్రం ప్రకారం 10 మంది బృందంలో ఇద్దరిద్దరి మధ్య సంభాషణ మార్గాలు 45. అందువల్ల ప్రతి పారిభాషిక పదాన్నీ ఉదాహరణతో సహా ముందే నిర్వచించి రాసుకోవాలి. ఆ నిర్వచనంలో భాషా పరిశోధకునికీ పాత్ర ఉంది.